దూరపు కొండలు నునుపు



దూరపు కొండలు నునుపు అను సామెతను మీరు ఎన్నోమారులు వినియుందురు. ఊరి పొలిమేరనుండి చూచినప్పుడు కొండ నీలముగా, నున్నగా, చేతితో నిమిరి పెట్టినట్లు కనబడును. కట్టెలకో, మేకల వెంటనో ఆ కొండ ఎక్కినవానికి మాత్రము రాళ్లు, ముళ్లు, పాముపుట్టలు, కాలుజారు బండలు ఎదురగును. కొండ మారలేదు, చూచు దూరము మారినది.

మన పెద్దలు మూడు మాటలలో చెప్పిన ఈ సంగతికి పుస్తకముల తెలుగులో ఒక క్రియాపదము కలదు. అది "ఆదర్శీకరించుట." ఒక మనిషినిగాని, ఒక ఊరినిగాని, గడచిన కాలమునుగాని ఉన్నది ఉన్నట్లుగా గాక, ఏ కొరతయు లేనిదానిగా చూచుట అని దాని అర్థము. ఈ మాట మన ఇండ్లలో వినబడదు. దానికి బదులు "ఆకాశానికి ఎత్తినారు" అందుము, "దేవుణ్ణి చేసి కూర్చోబెట్టినారు" అందుము. మాట ఏదైనను పని ఒక్కటే. ఈ పని పైకి చూచుటకు మంచిదిగానే కనబడును. గొప్పవానిని మరికొంచెము గొప్పవానిగా చూచినందున ఎవరికేమి నష్టము? ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చు జవాబును ఈ నెల ఆలోచింతము.

మాట పుట్టుక

మొదట మాటను విప్పి చూతము. ఆదర్శము అనగా నేడు మనము అనుసరింపదగిన మాదిరి అని చెప్పుకొందుము. "ఆదర్శ రైతు", "ఆదర్శ గ్రామము" అని పత్రికలలో చదువుదుము. అయితే ఆ మాటకు మొదటి అర్థము అద్దము. పూర్వము వీధిబడులలో పిల్లలు వల్లెవేసిన అమరకోశములో అద్దమునకు చెప్పిన పేర్లు దర్పణము, ముకురము, ఆదర్శము. చూచుట అని అర్థమిచ్చు "దృశ్" అను సంస్కృత ధాతువునుండి ఇది పుట్టినది. దృష్టి, దర్శనము, దృశ్యము అనునవి దాని తోబుట్టువులు. మనము ప్రతి ఉదయము తల దువ్వుకొనుచు పలుకు "అద్దము" అను మాట కూడ ప్రాకృతము మీదుగా ఈ ఆదర్శమునుండియే వచ్చినదని పండితులు చెప్పుదురు.

కాబట్టి ఆదర్శము అనునది మొదట మన ముఖము ఎట్లున్నదో అట్లే చూపించు వస్తువు. మసి ఉన్నయెడల మసిని చూపును, మచ్చ ఉన్నయెడల మచ్చను చూపును. తరువాత ఆ మాటకు చూచి వ్రాసికొను మూలప్రతి అని అర్థము వచ్చినది. అటుపిమ్మట చూచి నడుచుకొను మాదిరి అను అర్థము వచ్చినది. ఉన్న మచ్చను చూపు వస్తువు పేరునుండియే, మచ్చను చూడకుండుట అని అర్థమిచ్చు క్రియ కడపట పుట్టుట వింతగానున్నది.

ఇంగ్లీషువారి మాట కూడ ఇటువంటిదే. గ్రీకు భాషలో "ఇదెయిన్" అనగా చూచుట, "ఇదెయా" అనగా కంటికి కనబడు రూపము. మన విద్య, వేదము అను మాటలకు మూలమైన "విద్" అను ధాతువు ఆ గ్రీకు మాటకు దూరపు చుట్టమే. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దములో ఏథెన్సు పట్టణపు తత్వజ్ఞాని ప్లేటో ఆ "ఇదెయా" అను మాటను తీసికొని, కంటికి గాక బుద్ధికి మాత్రమే కనబడు నిండు రూపములకు దానిని వాడెను. దానినుండి లాటిను మీదుగా ఇంగ్లీషులో "ఐడియల్" అను మాట వచ్చెను. పదునెనిమిదవ శతాబ్దము చివరిభాగములో దానిని క్రియగా చేసి "ఐడియలైజ్" అనసాగిరి. ఎంతో దూరమున నున్న రెండు భాషలలోను ఈ మాట కంటి చూపునుండియే బయలుదేరినది.

ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడవలెను. సత్యము పలుకుటను ఆదర్శముగా పెట్టుకొనుట ఒకటి. ఫలానా మనిషి ఎన్నడును అబద్ధమాడి యుండడని నమ్ముట వేరొకటి. మొదటిది మనము నడువవలసిన దారికి గురుతు. రెండవది నడచినవాని కాళ్ల దుమ్మును చూడకుండుట. ముఖస్తుతికిని దీనికిని కూడ భేదమున్నది. ముఖస్తుతి చేయువాడు తాను ఎక్కువచేసి చెప్పుచున్నానని ఎరుగును. ఆదర్శీకరించువాడు దానిని ఎరుగడు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్లు నిజముగా అట్లే చూచును. గనుక ఇందులో మొదట మోసపోవువాడు ఆ చూచువాడే.

చిత్రకారులలో ఇది ఒప్పుకొన్న విద్య. జ్యూక్సిస్ అను గ్రీకు చిత్రకారుని గూర్చి రోమా వక్తయైన సిసెరో ఒక కథ వ్రాసెను. ఇటలీ దక్షిణభాగమున క్రోటను అను పట్టణపువారు తమ గుడికొరకు హెలెను అను సుందరి పటమును వ్రాయుమని ఆయనను అడిగిరి. ఆయన ఆ ఊరి కన్యకలలో ఐదుగురిని ఎన్నుకొని, ఒక్కొక్కరిలో అందమైనదానిని తీసికొని ఒక్క పటముగా కూర్చెను. సంపూర్ణమైన అందము ఏ ఒక్కరిలోను దొరకదని ఆయన తలంపు. ఆ ఐదుగురిలో ఎవరి ముఖమును ఆ పటములో పూర్తిగా లేదు. పటములో ఇది పెద్ద నష్టము కాదు. మనుష్యుల జీవితచరిత్రలో ఇట్లు చేసిననాడు ఏమగును?

చెర్రీ చెట్టు కథ

అమెరికా సంయుక్త రాష్ట్రముల మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టనును గూర్చి మీ పిల్లలు బడిలో ఒక కథ చదివియుండవచ్చును. ఆరేండ్ల బాలుడైన జార్జికి తండ్రి ఒక చిన్న గొడ్డలి ఇచ్చెను. బాలుడు దానితో తండ్రికి ఇష్టమైన చెర్రీ చెట్టును పాడుచేసెను. చెర్రీ అనగా మన నేరేడు పండంత ఎర్రని పండ్లు కాయు చెట్టు. తండ్రి కోపముతో అడుగగా తాను అబద్ధమాడజాలనని చెప్పి బాలుడు తప్పు ఒప్పుకొనెను. తండ్రి సంతోషించి, వెయ్యి చెట్లకంటె ఈ సత్యము ఎక్కువని కుమారుని కౌగిలించుకొనెను. ఇదియే ఆ కథ.

దీనిని వ్రాసినవాడు మేసన్ లాక్ వీమ్స్ అను పాదిరి. ఆయన 1759లో మేరీలాండులో పుట్టి, 1784లో ఇంగ్లండులో గురుపట్టము పొందెను. తరువాత ఫిలడెల్ఫియాలోని ఒక ప్రచురణకర్త పక్షమున బండిలో పుస్తకములు వేసికొని ఊరూర అమ్ముచు తిరిగెను. 1799 డిసెంబరు 14న వాషింగ్టను మరణించెను. కొన్ని వారములలోనే వీమ్స్ తన ప్రచురణకర్తకు ఉత్తరము వ్రాసి, ఆయనను గూర్చి చదువుటకు లక్షలమంది నోరు తెరచుకొని యున్నారనియు, తన పుస్తకము దాదాపు సిద్ధమనియు తెలిపెను. 1800లో ఆ పుస్తకము వెలువడెను. అందులో చెర్రీ చెట్టు లేదు. 1806లో వెలువడిన ఐదవ కూర్పులో అది మొదటిసారి కనబడెను. వాషింగ్టను కుటుంబమునకు దూరపు చుట్టమైన ఒక వృద్ధురాలు తనకు చెప్పినదని ఆయన వ్రాసెను. ఆమె పేరు చెప్పలేదు. వేరే సాక్ష్యము నేటివరకు దొరకలేదు. ఆ పుస్తకపు మొదటి పుటలో ఆయన తాను మౌంట్ వెర్నన్ సంఘపు పూర్వపు గురువునని వేసికొనెను. అటువంటి పేరుగల సంఘము అసలు లేనేలేదు.

మక్‌గఫీ అను ఉపాధ్యాయుడు కూర్చిన వాచకములద్వారా ఈ కథ అమెరికాలోని పల్లెబడులన్నిటికి చేరెను. తరతరముల పిల్లలు దానిని కంఠతా నేర్చిరి. అబద్ధమాడని బాలుని మాదిరి చూపుటకు ఒక కల్పనను నిజమని చెప్పవలసివచ్చెను! వీమ్స్ దుర్మార్గుడని చెప్పుట మన ఉద్దేశము కాదు. పిల్లలు మంచివారు కావలెనని ఆయన కోరెను. ఆదర్శీకరించువారి కోరిక సాధారణముగా మంచిదే. అందుచేతనే దానిని పట్టుకొనుట కష్టము.

శిల్పులు చేసినది కూడ చూడుడి. 1785 అక్టోబరులో హూడన్ అను ఫ్రాన్సు దేశపు శిల్పి మౌంట్ వెర్నన్‌కు వచ్చి, వాషింగ్టను ముఖముపై సున్నపుముద్ద పరచి ఉన్నది ఉన్నట్లుగా అచ్చు తీసికొనెను. ఆ కొలతలతో చెక్కిన శిలావిగ్రహము వర్జీనియా రాజధానియైన రిచ్‌మండులో నిలిచినది. అందులో ఆయన తన కాలపు బట్టలతోనే ఉన్నాడు. తరువాత 1832లో అమెరికా శాసనసభ హొరేషియో గ్రీనో అను శిల్పిచేత ఇంకొక విగ్రహము చేయించెను. అది 1841లో రాజధానికి చేరెను. గ్రీకువారి పెద్దదేవుడైన ద్యుపతి విగ్రహమును మాదిరిగా పెట్టుకొని, పై అంగి లేకుండ, ఒక చెయ్యి ఆకాశమునకు చాపి కూర్చున్నట్లు ఆయన చెక్కెను. స్నానము చేసి బట్టలకొరకు చెయ్యి చాపుచున్నాడని జనులు నవ్విరి. రెండేండ్లలో దానిని సభామందిరమునుండి బయటికి తరలించిరి. అయినను దేవునిగా చేయు ఆశ తీరలేదు. 1865లో అదే మందిరపు గోపురములోపల, నేలకు 180 అడుగుల ఎత్తున, వాషింగ్టను మేఘములమీద దేవతాస్త్రీల నడుమ పరలోకమునకు ఎక్కుచున్నట్లు చిత్రము వ్రాయించిరి. దానికి పెట్టిన పేరునకు దేవత్వము పొందుట అని అర్థము.

పటము వెనుక నిలిచినవారు

నష్టమేమి అని మొదట అడిగితిమి. జవాబు ఇక్కడ ఉన్నది. ఒక మనిషికి పటములో వెలుతురు మరీ ఎక్కువగా పోసినప్పుడు, ఆయన ప్రక్కన నిలిచినవారు చీకటిలో పడిపోవుదురు.

వాషింగ్టను తండ్రి 1743లో చనిపోయినప్పుడు ఆయన పదునొకండేండ్ల బాలుడు. తండ్రి ఆస్తిలో భాగముగా ఆయనకు పదిమంది బానిసలు వచ్చిరి. 1799లో ఆయన మరణించుకాలమునకు మౌంట్ వెర్నన్ భూములలో 317 మంది బానిసలుండిరి. వారిలో 123 మంది ఆయన సొంతము. మిగిలినవారిలో ఎక్కువమంది ఆయన భార్య మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినవారు. వారు దున్నిరి, వండిరి, నేసిరి, ఇనుము కొట్టిరి. చెర్రీ చెట్టు కథ విన్న పిల్లలకు వీరిలో ఒక్కరి పేరైనను చెప్పినవారు లేరు.

వారిలో ఓనా జడ్జి అను యౌవనురాలు ఒకతె. ఆమె మార్తా దొరసానికి బట్టలు తొడుగుట, కుట్టుపని చేయుటలో నేర్పరి. వాషింగ్టను అధ్యక్షుడై ఫిలడెల్ఫియాలో నివసించు కాలమున ఆమెను కూడ అక్కడికి తీసికొని వెళ్లిరి. పెన్సిల్వేనియా రాష్ట్రములో 1780లో చేసిన చట్టము ప్రకారము, బయటినుండి తెచ్చిన బానిస ఆరు నెలలు అక్కడ ఉన్నయెడల విడుదల కోరవచ్చును. అందుచేత వాషింగ్టను తన ఇంటి బానిసలను గడువు తీరకముందే రాష్ట్రము దాటించి మరల రప్పించుచుండెను. 1796లో దొరసాని తన మనుమరాలి పెండ్లికి ఓనాను కానుకగా ఇయ్యదలచినది. ఆ సంగతి తెలిసి మే నెలలో ఒకనాడు, దొరవారు భోజనము చేయుచుండగా ఆమె ఇంటినుండి బయటపడి, ఓడ ఎక్కి న్యూ హాంప్‌షైరు రాష్ట్రములోని పోర్ట్స్‌మత్ రేవుకు చేరెను.

ఆమెను పట్టియిచ్చినవారికి బహుమానమని పత్రికలో ప్రకటన వేయించిరి. అధ్యక్షుడు ఖజానా మంత్రికి వ్రాసి, ఆ రేవులోని సుంకపు అధికారిద్వారా ఆమెను వెనుకకు రప్పించుటకు చూచెను. వారి మరణానంతరము తనకు విడుదల ఇత్తురని మాట ఇచ్చినయెడల తిరిగి వత్తునని ఆమె కబురు చేయగా, ఆయన దానికి ఒప్పుకొనలేదు. ఆమె వెళ్లలేదు. 1848లో మరణించువరకు చట్టము దృష్టిలో ఆమె పారిపోయిన బానిసగానే ఉండెను. దొరగారి ఇంటిలో సుఖముగా ఉండవలసినదానవు, ఇట్లు బీదరికములో పడినందుకు విచారము లేదా అని ముసలితనములో ఆమెను పత్రికలవారు అడిగిరి. విచారము లేదని ఆమె జవాబిచ్చెను. తాను స్వతంత్రురాలనైతిననియు, దీనిమూలముగానే దేవుని బిడ్డనైతినని నమ్ముచున్నాననియు చెప్పెను. విడుదల పొందిన తరువాతనే ఆమె చదువు నేర్చుకొనెను.

ఇప్పుడు చెప్పుడి. ఏ లోపమును లేని దొర అని చెప్పు కథలో ఈ స్త్రీకి చోటెక్కడ? ఆయన నిష్కళంకుడైనయెడల ఆమె ఎందుకు పారిపోవలెను? కథ నిలువవలెనంటే ఆమెను కృతఘ్నురాలనైనను చెప్పవలెను, లేక మరచిపోనైనను మరచిపోవలెను. వంద సంవత్సరములకు పైగా లోకము ఆమెను మరచిపోయినది. ఆదర్శీకరించుట వెల లేని పని కాదు. ఆ వెల చెల్లించువారు వేరొకరు.

రాళ్లు రువ్వు చేతులు

అయితే ఈ సంగతులు విని, ఆ మనిషిలో మంచి యేమియు లేదని కొట్టివేయుట కూడ సత్యము కాదు. 1783 డిసెంబరు 23న అన్నపొలిసు పట్టణములో, దేశములోని సైన్యమంతయు తన చేతిలో ఉండగా, వాషింగ్టను తన అధికారమును సభకు అప్పగించి పొలమునకు వెళ్లిపోయెను. గెలిచిన సేనాధిపతి ఇట్లు చేయుట లోకములో అరుదు. 1799లో తాను వ్రాసిన మరణశాసనములో, తన సొంత బానిసలకు భార్య మరణించిన పిమ్మట విడుదల ఇయ్యవలెనని వ్రాసెను. మార్తా తన జీవితకాలములోనే, 1801 జనవరి 1 మొదలుకొని, వారిని విడిచిపెట్టెను. మొదటి భర్త ఆస్తికి చెందినవారికి మాత్రము ఆ విడుదల కలుగలేదు. 1802లో ఆమె చనిపోగా వారిని మనుమలకు పంచిరి, కుటుంబములు చీలిపోయెను. మంచియు చెడ్డయు ఒక్క ఇంటిలో, ఒక్క కాగితముమీద నిలిచి యున్నవి.

ఆదర్శీకరించినవారికి ఈ రెండింటిని కలిపి చూచు శక్తి పోవును. వారికి నేడు దేవుడు, రేపు దయ్యము. నడుమ మనిషి లేడు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము చదువుడి. లుస్త్రలో కుంటివాడు నడచుట చూచి జనులు బర్నబాకు ద్యుపతి అని, పౌలుకు హెర్మే అని పేరుపెట్టి, ఎడ్లను పూదండలను తెచ్చిరి. అపొస్తలులు బట్టలు చించుకొని, తాము కూడ వారివంటి స్వభావముగల మనుష్యులమేనని కేకలు వేసిరి. కొద్ది వచనముల తరువాత అదే జనసమూహము పౌలుపై రాళ్లు రువ్వి, చనిపోయెననుకొని ఊరి వెలుపలికి ఈడ్చెను. పూదండ పట్టిన చేతులకును రాయి పట్టిన చేతులకును నడుమ దూరము కొంచెమే. 2020 జూన్ నెలలో అమెరికాలోని పోర్ట్‌లండు పట్టణములో జనులు గుంపుకూడి వాషింగ్టను విగ్రహమునకు తాడు కట్టి పడద్రోసిరి. వంద సంవత్సరములు మేఘములమీద కూర్చోబెట్టిన దేశములోనే అది జరిగెను. మొదటినుండి మనిషిగా చూపియున్నయెడల పడద్రోయుటకు అంత ఎత్తు ఉండెడిది కాదు.

వేరొక దారి కూడ కలదు. మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టను సమాధికి కొంచెము దూరమున బానిసల శ్మశానమున్నది. అక్కడ 1929లో ఒక చిన్న రాతిపలకను, 1983లో హోవర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు రూపించిన ఒక స్మారకమును నిలిపిరి. దొర సమాధిని పగులగొట్టలేదు, ప్రక్కనున్నవారిని చూపిరి. అద్దము చేయు పని ఇదియే.

సంపూర్ణులు మనకు సాయపడుదురా?

నిష్కళంకులైన మనుష్యుల కథలు లేకపోయినచో పిల్లలు ఎవరిని చూచి నేర్చుకొందురు అని కొందరు అడుగవచ్చును. దీనికి చరిత్రలోనే ఒక చక్కని జవాబున్నది. తరువాతి కాలమున అధ్యక్షుడైన అబ్రహాము లింకను పేదయింటి బాలుడై యుండగా వీమ్స్ వ్రాసిన ఆ పుస్తకమునే చదివెను. 1861 ఫిబ్రవరి 21న ట్రెంటను పట్టణపు సభలో ఆయన దానిని జ్ఞాపకము చేసికొనెను. ఆ దినము ఆయన చెప్పినది ఏమి? చెర్రీ చెట్టును ఆయన ఎత్తలేదు. చలిలో నది దాటుట, యుద్ధము, సైనికులు పడిన పెద్ద కష్టములు తన మనస్సున నాటుకొన్నవని చెప్పెను. వారు అంతగా పెనుగులాడినది ఏదో గొప్పదానికొరకే అయియుండవలెనని పిల్లవాడుగా తలంచితినని చెప్పెను. మచ్చలేనితనము ఆయన మనస్సును పట్టుకొనలేదు. పెనుగులాట పట్టుకొన్నది.

వాషింగ్టను సహజముగా కోపిష్టి అనియు, ఆలోచనచేత ఆ కోపమును అణచుకొని యుండెననియు ఆయనను దగ్గరనుండి ఎరిగిన జెఫర్సను 1814లో వ్రాసెను. మనలో కోపమువలన భార్యాబిడ్డలను బాధించు మనిషికి ఏది సాయపడును? పుట్టుకనుండి కోపమే ఎరుగనివాని కథయా, కోపముతో ప్రతిదినము పోరాడినవాని కథయా? మొదటిది విని, ఆయన పుట్టుకే వేరు, మనవలన కాదు అని లేచిపోవును. రెండవది విని, అయితే నేనును ప్రయత్నింపవచ్చును అనుకొనును. మనము చదువు లేఖనములలో దావీదు పాపము దాచబడలేదు, పేతురు బొంకిన రాత్రి చెరిపివేయబడలేదు. ఏలీయా మనవంటి స్వభావముగల మనుష్యుడేయని యాకోబు వ్రాసెను. అదే యాకోబు, అద్దములో తన ముఖము చూచుకొని అవతలికి పోయి, తానెట్టివాడో మరచువానిని గూర్చి కూడ హెచ్చరించెను.

మన ఇండ్లలో

ఈ క్రియాపదమునకు మన ఊళ్లలో పని లేదనుకొనవద్దు. "మా కాలములో ఇట్లు లేదు" అని పెద్దలు చెప్పునప్పుడు దానిని వాడుచున్నారు. ఆ కాలములో కలరా వచ్చి వాడలకు వాడలే ఖాళీ అయినది, వెట్టిచాకిరి ఉన్నది, బావిలో చేద వేయనియ్యని రోజులు ఉన్నవి. పట్నము పోయినవాడు పల్లెను, పల్లెలోనున్నవాడు పట్నమును నున్నని కొండగా చూచును. క్రొత్త ఉపదేశి వచ్చిన ఏడు ఆయనవంటివాడు లేడందుము. మూడవయేట ఆయన కాఫీ త్రాగు తీరు కూడ తప్పగును. కొందరి ఇండ్లలో చనిపోయిన తండ్రిని గూర్చి మంచితప్ప మాట్లాడనియ్యరు. ఆయన చేతి దెబ్బలు తిన్న తల్లి, ఆ మూలను కూర్చుండి, తలవంచుకొని వినుచుండును. ఆమె మౌనమును ఎవరైనను గమనించిరా? మౌంట్ వెర్నన్ సంగతి మన వాకిటిలోనే ఉన్నది.

కాబట్టి ఎవరినైనను లోపములేని మనిషి అని పొగడుటకు ముందు మూడు సంగతులు అడుగుదము. నేను ఈయనను ఎంత దూరమునుండి చూచుచున్నాను? ఈయన ప్రక్కన నిలిచి, పటములో కనబడనివారు ఎవరు? రేపు ఒక మచ్చ కనబడినయెడల నేను రాయి పట్టుకొందునా, చెయ్యి పట్టుకొందునా?

గౌరవింపదగినవారిని గౌరవింతము. చేసిన మేలును పేరుపెట్టి చెప్పుదము. చేసిన కీడును కూడ దాచకుందము. దానివలన బాధపడినవారు చెప్పుకొన వచ్చినప్పుడు, మంచివాని పేరు చెడునని వారి నోరు మూయకుందము. దగ్గరకు పోయి చూచినప్పుడు కొండ నున్నగా ఉండదు. అయినను ఊటనీళ్లు, మందుచెట్లు, మేకలకు మేత దొరుకునది ఆ గరుకు కొండమీదనే గాని, దూరమున నీలముగా కనబడు కొండమీద కాదు.